ఫైబర్ సిమెంట్ సైడింగ్ వేయిస్తున్నాం: మూడు కొటేషన్లు, మూడు రకాల మాటలు. ఎవరిని నమ్మాలి?

గోదారి_గట్టు
మాది నార్త్ కరోలినాలో క్యారీ. ఇల్లు 1994లో కట్టారు, మేం 2016లో కొన్నాం. బయటి గోడలకు ఉన్నది హార్డ్‌బోర్డ్ సైడింగ్, అంటే చెక్క పీచును నొక్కి చేసిన పలకలు. ఉత్తరం వైపు కింది వరసలు నానిన అట్టముక్కల్లా ఉబ్బిపోయాయి. గ్యారేజ్ పక్క గోడ మీద ఒకచోట వేలితో నొక్కితే లోపలికి దిగిపోతోంది. రెండుసార్లు రంగు వేయించాం, లాభం లేదు. ఇక మొత్తం మార్చి ఫైబర్ సిమెంట్ వేయించాలని నిర్ణయించుకున్నాం.

గోడల విస్తీర్ణం సుమారు 2,400 చదరపు అడుగులు. ముగ్గురిని పిలిచాను. మొదటి ఆయన 24 వేల డాలర్లు అన్నాడు, పాత సైడింగ్ తీయకుండా దాని మీదే కొట్టేస్తాడట. రెండో ఆయన 33 వేలు: పాతది పీకి, కొత్త హౌస్‌వ్రాప్ (గోడ చెక్క మీద చుట్టే, నీళ్లు దిగని షీటు) వేసి, ఫ్యాక్టరీలో రంగు వేసి వచ్చిన బోర్డు బిగిస్తాడు. మూడో ఆయన 39 వేలు. ఆయన కిటికీల చుట్టూ ఫ్లాషింగ్ (నీళ్లు గోడలోకి పోకుండా వేసే రేకులు, టేపులు), పుచ్చిన ప్లైవుడ్ మార్పు, ఇంకా ఏవేవో రాసిచ్చాడు. ముగ్గురూ ఒకే కంపెనీ బోర్డు వాడతామంటున్నారు. బోర్డు ఒకటే అయినప్పుడు 15 వేల తేడా దేనికి?

ఇంకో సంగతి. ఫోన్‌లో చెబితే మా నాన్నగారు "సిమెంటు రేకులా? అందులో ఆస్‌బెస్టాస్ ఉంటుంది కదరా, చిన్నపిల్లలున్న ఇల్లు" అని టెన్షన్ పడుతున్నారు. ఆయనకేం చెప్పాలో కూడా చెప్పండి.

సియాటిల్_సీను
24 వేలవాణ్ని వదిలేయండి. పుచ్చిన చెక్క మీద కొత్త బోర్డు కొడితే పుచ్చు లోపలే పెరుగుతుంది, మీకు కనపడను కూడా కనపడదు.

కంది_పచ్చడి
అవునండీ. మా పక్కింటివాళ్లు అలాగే చేయించారు. నాలుగేళ్లకు మళ్లీ పీకారు. రెండుసార్ల ఖర్చు.

మెల్‌బోర్న్_మావయ్య
ముందు నాన్నగారి సంగతి. ఆయన భయం అర్థం లేనిదేం కాదు. మన దగ్గర కోళ్ల షెడ్లకీ, వంటపాకలకీ వేసే సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ వాడటం తెలిసిందే. ఇక్కడ ఆస్ట్రేలియాలో పాత ఇళ్లలో చాలావాటి గోడలు అలాంటి పలకలే, వాటిని ఫైబ్రో అంటారు. వాటిని తయారుచేసిన కంపెనీల్లో పెద్దది జేమ్స్ హార్డీ. ఆ దుమ్ము పీల్చి ఊపిరితిత్తుల జబ్బులతో పోయిన కార్మికులు చాలామంది. ఈ దేశంలో 2003 చివరి రోజు నుంచి ఆస్‌బెస్టాస్‌ను పూర్తిగా నిషేధించారు.

ఇప్పుడు అమెరికాలో ఇళ్లకు అమ్మే బోర్డులో ఆస్‌బెస్టాస్ ఉండదు. పోర్ట్‌లాండ్ సిమెంటు, మెత్తటి ఇసుక, చెక్క గుజ్జు నుంచి తీసిన సెల్యులోజ్ పీచు, నీళ్లు. వీటిని కలిపి పలకలుగా తీసి, ఎక్కువ ఒత్తిడి ఉన్న ఆవిరిలో ఉడికిస్తారు. ఆస్‌బెస్టాస్ పీచు చేసే పని ఇప్పుడు ఆ చెక్క పీచు చేస్తుంది. నాన్నగారికి ఈ ఒక్క ముక్క చెప్పండి, ఊరుకుంటారు.

గోదారి_గట్టు
మావయ్య గారూ, ఇది ఆయనకు చదివి వినిపిస్తాను.

చీమకుర్తి_చిన్నోడు
ఆస్‌బెస్టాస్ లేదు సరే, దుమ్ము భయం మాత్రం పోలేదు. అందులో ఇసుక ఉందని పైన రాశారుగా. రంపంతో కోసినప్పుడు లేచే సన్నటి సిలికా పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే సిలికోసిస్ వస్తుంది. వస్తే తగ్గదు. మా బాబాయి గ్రానైట్ కోతలో ఇరవై ఏళ్లు పనిచేశాడు. చివరి మూడేళ్లు మెట్లు ఎక్కలేకపోయాడు. అందుకే ఈ మాట వస్తే నేను ఊరుకోలేను.

అమెరికాలో దీనికి చట్టం ఉంది. కట్టుబడి పనుల్లో గాలిలో సిలికా 8 గంటల సగటున ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములు దాటకూడదని ఓషా (పనివాళ్ల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) 2017 సెప్టెంబరు నుంచి అమలు చేస్తోంది. బోర్డును కోసేవాళ్లు కత్తెరలా తుంచే షియర్స్ వాడొచ్చు, గీత పెట్టి విరవొచ్చు, లేదా దుమ్ము లాగేసే వాక్యూమ్ తగిలించిన రంపం వాడొచ్చు. మామూలు గ్రైండర్ పెట్టి మీ డ్రైవ్‌వేలో తెల్లగా పొగ లేపుతుంటే పని ఆపించండి. పనివాళ్లకి మాస్కులు లేకపోతే మీరు కొనివ్వండి, పోయేది పది డాలర్లు.

తెనాలి72
ఈ పోస్టు అందరూ చదవాలి. పనిచేసేవాళ్లు కూడా ఎవరో ఒకరి ఇంటివాళ్లే.

మేస్త్రి_మనవడు
మా తాతగారు తాపీ మేస్త్రి. నేను అట్లాంటాలో 11 ఏళ్లుగా ఇళ్ల కట్టుబడిలో సూపర్‌వైజర్‌ని. గోదారి గారి ప్రశ్నకు వస్తాను. బోర్డు ఒకటే, నిజమే. తేడా అంతా బోర్డు వెనకాల ఉంటుంది.

ఏ సైడింగూ వాన నీటిని పూర్తిగా ఆపదు. ఈదురుగాలితో కొట్టే వాన అంచుల్లోంచి, అతుకుల్లోంచి ఎంతో కొంత లోపలికి వస్తూనే ఉంటుంది. ఆ నీళ్లు హౌస్‌వ్రాప్ మీదుగా కిందకి జారి బయటికి పోవాలి. మన ఊళ్లో పెంకుటిల్లు కప్పేవాళ్లని చూశారా? చూరు దగ్గర మొదలుపెట్టి పైకి పోతారు. పై పెంకు ఎప్పుడూ కింది పెంకు మీదికే రావాలి. ఒక్కచోట తిరగబడినా ఆ నీళ్లు ఇంట్లోకే. ఇక్కడ కూడా అంతే. పై షీటు కింది షీటు మీదికి రావాలి. కిటికీ కింద ఫ్లాషింగ్ ముందు, పక్కలవి తర్వాత, పైది ఆఖర్న. కిటికీ పెట్టాక దాని ఫ్రేము కింది అంచు మీద మాత్రం టేపు వేయరు, లోపలికి చేరిన నీటికి దారి కావాలి కదా.

ఇక మీ గ్యారేజ్ పక్క గోడ. కింది కప్పు వచ్చి పై గోడకి ఆనుకుని, గట్టర్ (చూరు వెంట ఉండే వాన నీటి తొట్టి కాలువ) దగ్గర ఆగిపోయే చోటు ఉందా? ఉంటే అక్కడ కిక్‌అవుట్ ఫ్లాషింగ్ ఉందేమో చూడండి. బయటికి వంచిన చిన్న రేకు అది. కప్పు అంచు వెంట జారే నీళ్లను గోడలోకి పోనీకుండా గట్టర్‌లోకి తోస్తుంది. అరచేయంత ముక్క. అది లేక గోడలు స్టడ్‌ల (లోపలి నిలువు చెక్కల) దాకా పుచ్చిపోయిన ఇళ్లు నా చేతుల మీదుగా ఎన్నో బాగుచేయించాను. వేలు దిగుతోందన్న చోటు అదే అయితే నేను ఆశ్చర్యపోను.

39 వేలాయన ఇవన్నీ రాసిచ్చాడంటే ఆయనకు పని తెలుసు. 33 వేలాయన్ని కూడా అడగండి. ఇవే పనులు చేరిస్తే ఎంతవుతుందో చెప్పమనండి. అప్పుడు గానీ రెండింటినీ పోల్చలేం.

గోదారి_గట్టు
ఇప్పుడే బయటికెళ్లి చూసి వచ్చాను. మీరు చెప్పినచోటే. కిక్‌అవుట్ లేదు. గట్టర్ చివర గోడకి తగిలి ఆగిపోయింది, వెనక సైడింగ్ నల్లబడి ఉంది. ఏడేళ్లుగా దాని పక్కనుంచే కారు పెట్టి లోపలికి వస్తున్నాను, ఒక్కసారి కూడా తల ఎత్తి చూడలేదు.

మేస్త్రి_మనవడు
బాధపడకండి, చాలామందికి తెలియదు. పీకినప్పుడు లోపల ఎంత పోయిందో చూద్దాం.

డల్లాస్_రాంబాబు
నేనొకటి అడుగుతా. అందరూ ఫైబర్ సిమెంట్ అంటున్నారు, ఎల్‌పీ స్మార్ట్‌సైడ్ ఎందుకు చూడకూడదు? చెక్కతో చేసిందే గానీ చెదలు పట్టకుండా, పుచ్చకుండా జింక్ బోరేట్ కలుపుతారు. బరువు తక్కువ, 16 అడుగుల పొడవు దొరుకుతుంది కాబట్టి అతుకులు తక్కువ. కోసేటప్పుడు సిలికా దుమ్ము ఉండదు. మా ఇంటికి అదే వేయించా, రెండు వడగళ్ల వానలు చూసింది, సొట్ట కూడా పడలేదు.

కంది_పచ్చడి
హార్డ్‌బోర్డ్ పుచ్చిపోయి ఏడుస్తున్న మనిషికి మళ్లీ చెక్కే చెబుతారేంటండీ రాంబాబు గారూ.

డల్లాస్_రాంబాబు
అదీ ఇదీ ఒకటి కాదండీ. అప్పటి హార్డ్‌బోర్డ్ వేరు, ఇది వేరు.

మేస్త్రి_మనవడు
రాంబాబు గారు చెప్పింది సరైనదే. రెండూ మంచి సరుకే. కానీ కోసిన అంచుకి రంగు వేయడం మరిచిపోతే చెక్క సరుకు తొందరగా పాడవుతుంది, సిమెంటు కాస్త ఓర్చుకుంటుంది. క్యారీలో ఉక్క, వాన, చుట్టూ పైన్ చెట్ల నీడ. గోదారి గారి ఉత్తరపు గోడకు ఎండే తగలదు. నేనైతే సిమెంటే వేస్తాను. డల్లాస్ ఎండలో ఇంకోలా ఆలోచిస్తానేమో.

కొలరాడో_కోడలు
మేం ఉండేది బౌల్డర్ దగ్గర. 2021 డిసెంబరు 30న మార్షల్ ఫైర్‌లో సుపీరియర్, లూయీవిల్ ఊళ్లలో వెయ్యికి పైగా ఇళ్లు కాలిపోయాయి. మా వీధికి రెండు వీధుల అవతల ఆగింది. ఆ రాత్రి పిల్లల సర్టిఫికెట్లు, పెళ్లి ఆల్బమ్ సంచిలో పెట్టుకుని కార్లో కూర్చున్నాం. ఆ తర్వాత మా ఇంటి వినైల్ (ప్లాస్టిక్) సైడింగ్ తీసేసి ఫైబర్ సిమెంట్ వేయించాం, ఎందుకంటే అది అంటుకోదు. వినైల్ వేడికే కరిగి జారిపోతుంది. అయితే ఒక్క సైడింగే ఇంటిని కాపాడేస్తుందని అనుకోకండి. నిప్పురవ్వలు చూరు కింద గాలి ఆడే వెంట్లలోంచి కూడా లోపలికి వస్తాయి. వాటికి సన్న జాలీ వేయించుకోండి, గోడ పక్కన ఎండిన ఆకులు ఉంచకండి.

తెనాలి72
అమ్మా, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. మీరంతా క్షేమంగా ఉన్నారు, అది చాలు.

ప్లేనో_పద్దు
వినైల్ కరగడానికి మంట కూడా అక్కర్లేదు. ఎదురింటివాళ్ల కొత్త కిటికీ అద్దాల నుంచి ఎండ తిరగ్గొట్టి మా చెల్లెలి ఇంటి వినైల్ అలలు అలలుగా వంగిపోయింది.

బోస్టన్_బుజ్జి
ఇల్లు 1994ది కాబట్టి గోదారి గారికి సీసం గొడవ లేదు. 1978కి ముందు కట్టిన ఇళ్లవాళ్లు మాత్రం సైడింగ్ పీకించే ముందు పాత రంగులో సీసం ఉందేమో పరీక్ష చేయించండి. దానికి సర్టిఫికెట్ ఉన్న కాంట్రాక్టరే పని చేయాలని ఈపీఏ (పర్యావరణం చూసే ప్రభుత్వ సంస్థ) నియమం. మాది 1931 నాటి ఇల్లు, ఆ పరీక్షలో ఉందనే వచ్చింది. చుట్టూ ప్లాస్టిక్ పరిచి, పిల్లల్ని రెండు వారాలు మా ఆడపడుచు ఇంట్లో ఉంచాం.

గోదారి_గట్టు
రంగు సంగతి చెప్పండి. ఫ్యాక్టరీ రంగుదా, ప్రైమర్ మాత్రమే వేసి వచ్చిందా? ప్రైమర్‌ది తీసుకుంటే 3 వేలు తగ్గుతుంది, తర్వాత పెయింటర్‌ని పెట్టుకోవచ్చు అంటున్నాడు రెండో ఆయన.

సియాటిల్_సీను
ఫ్యాక్టరీ రంగు. ఆలోచించకండి.

డల్లాస్_రాంబాబు
అంత ఖచ్చితంగా చెప్పలేం సీనూ. ఫ్యాక్టరీ రంగుకు 15 ఏళ్ల వారంటీ ఇస్తారు, నిజమే. కానీ ఉన్న రంగుల్లోంచే ఎంచుకోవాలి, ట్రిమ్ (కిటికీలు, మూలల చుట్టూ వేసే పట్టీ) దగ్గర గీత పడితే టచప్ ఎండలో వేరే రంగులా కనిపిస్తుంది. ప్రైమర్ బోర్డుకి మంచి అక్రిలిక్ పెయింట్ రెండు కోట్లు వేస్తే ఏ ఇబ్బందీ లేదు.

మేస్త్రి_మనవడు
రెండూ చేయొచ్చు. కానీ ప్రైమర్ బోర్డు వేశాక 180 రోజుల్లోపు రంగు పడాలి. "తర్వాత పెయింటర్‌ని పెట్టుకుందాం" అన్నవాళ్లు చలికాలం వచ్చిందనీ, ఇండియా వెళ్లామనీ ఏడాది వదిలేయడం చూశాను. ఇంకోటి, తీసుకునేది మీ వాతావరణానికి తగ్గ రకమేనా అని చూడండి. హార్డీ బోర్డుల్లో చలి, మంచు ప్రాంతాలకు హెచ్‌జెడ్5, ఎండా ఉక్కా ఉన్నచోటికి హెచ్‌జెడ్10. మీకు 10.

కంది_పచ్చడి
హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్లవాళ్ల సంఘం) అనుమతి మరిచిపోకండి! రంగు మార్చితే ముందే ఫారం పెట్టాలి. మేం పెట్టలేదు, ఉత్తరం వచ్చింది.

మియాపూర్_మిత్ర
ఇక్కడ హైదరాబాద్‌లో మేడ మీద గది వేశాం, స్టీల్ ఫ్రేముకి ఫైబర్ సిమెంట్ బోర్డులు. మన దగ్గర ఇవి ఎక్కువగా పార్టిషన్లకీ, సీలింగుకీ, ఎలివేషన్‌కీ వాడుతున్నారు. తయారీ కంపెనీలు కూడా ఇక్కడే ఉన్నాయి. కొనేటప్పుడు ఐఎస్ 14862 ముద్ర చూసుకోమని మా ఇంజనీరు చెప్పాడు. మాకు వచ్చిన ఇబ్బంది అతుకుల దగ్గర. పనివాళ్లు బోర్డులని సందు లేకుండా ఆనించి పుట్టీ పట్టించి రంగు వేసేశారు. ఒక ఎండాకాలం గడిచేసరికి ప్రతి అతుకు దగ్గరా నిలువునా పగులు. మళ్లీ సందు తీసి, సాగే సీలెంట్ నింపి చేయించాం. వేడి కూడా ఆగదు, ఈ బోర్డు దానికి కాదు. లోపల ఇన్సులేషన్ పెట్టాకే గదిలో కూర్చోగలిగాం.

గోదారి_గట్టు
అందరికీ ధన్యవాదాలు. రెండో ఆయన అన్నీ కలిపి 37,500కి రాసిచ్చాడు. 39 వేలాయనకే ఇచ్చాం, ఆయన పాత పనులు రెండు ఇళ్లు వెళ్లి చూశాం, ఆ ఇంటివాళ్లతో మాట్లాడాం. వచ్చే నెల మొదటి వారం మొదలు.

మేస్త్రి_మనవడు
సంతకం పెట్టే ముందు ఒక వాక్యం రాయించండి: "బోర్డు తయారీదారు ఇచ్చిన ఇన్‌స్టలేషన్ సూచనల ప్రకారమే పని జరుగుతుంది." ఆ సూచనల పీడీఎఫ్ నెట్‌లోనే ఉంటుంది, ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. ఇంకోటి, హౌస్‌వ్రాప్, ఫ్లాషింగ్ అయ్యాక బోర్డు వేసే ముందు మిమ్మల్ని పిలిచి చూపించాలని కూడా రాయించండి. బోర్డు పడ్డాక లోపల ఏముందో దేవుడికే తెలియాలి.

గోదారి_గట్టు
పని మొదలై రెండు రోజులైంది. మేస్త్రి గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజమైంది. గ్యారేజ్ మూల పీకితే ఓఎస్‌బీ (సైడింగ్ వెనక ఉండే చెక్క పలక) ముద్దలా చేతికి వచ్చేసింది. గోడలో ఆరడుగుల ఎత్తు దాకా నలుపు. ఒక స్టడ్ కింది భాగం పొడి పొడి అయిపోయింది. పైన మా పాప గది. ఆ గదిలో ఏదో ముక్కిపోయిన వాసన వస్తోందని రెండేళ్లుగా అంటూనే ఉంది, మేం తివాచీ అనుకుని రెండుసార్లు ఉతికించాం. రాత్రి నిద్ర పట్టలేదు.

బోస్టన్_బుజ్జి
పాపని ఆ గదిలో పడుకోబెట్టకండి, పూర్తిగా ఆరేదాకా. దగ్గు గానీ ఉంటే డాక్టరుకి చూపించండి.

మేస్త్రి_మనవడు
ఇప్పుడు తెలియడమే మంచిదైంది. పుచ్చిన స్టడ్ పక్కన కొత్తది జత చేయమనండి, తడిసిన ఇన్సులేషన్ తీసేయమనండి. చెక్క ఆరకుండా మూసేయొద్దు. ఫ్యాన్లు పెట్టి రెండు మూడు రోజులు ఆగినా ఫర్వాలేదు. తేమ మీటరు కాంట్రాక్టర్ దగ్గర ఉంటుంది, కొలిచి చూపించమనండి.

గోదారి_గట్టు
నాలుగు రోజులు ఆరబెట్టారు. కిక్‌అవుట్ పెట్టారు, ఫోటో పెడుతున్నాను. హౌస్‌వ్రాప్ మీరు చెప్పినట్టే కింది నుంచి పైకి.

సియాటిల్_సీను
ఫోటో బాగుంది. ఒక సలహా: హౌస్‌వ్రాప్ మీద నిలువు పట్టీలు కొట్టి, వాటి మీద బోర్డు వేయించగలరా? మా వైపు అలాగే చేస్తారు, రెయిన్‌స్క్రీన్ అంటారు. వెనకాల గాలి ఆడుతుంది, తడి ఆరిపోతుంది. 1980, 90ల్లో వాంకూవర్‌లో వేల కాండోలు (ఫ్లాట్లు) లీకై కుళ్లిపోయాక నేర్చుకున్న పాఠం ఇది.

డల్లాస్_రాంబాబు
సగం పనిలో ఇప్పుడు చెబితే ఎలా సీనూ. కిటికీ ట్రిమ్‌లన్నీ ముందుకి జరపాలి, ఖర్చు పెరుగుతుంది.

మేస్త్రి_మనవడు
మంచి పద్ధతే, ముందే చెప్పుంటే ఉత్తరపు గోడ వరకు చేయించమనేవాణ్ని. ఇప్పుడు అక్కర్లేదు. పలకలు ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి కాబట్టి వెనక కొంత ఖాళీ ఎలాగూ వస్తుంది.

గోదారి_గట్టు
అర్జంట్. ఈ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూస్తే ముందు గోడ సగం అయిపోయింది. నాకు మూడు అనుమానాలు. ఒకటి, పోర్చ్ కప్పు దగ్గర బోర్డు కింది అంచు కప్పు మీద పరిచిన షింగిల్స్‌కి ఆనిపోయింది. రెండు, కిటికీల పైన రేకుకీ బోర్డుకీ మధ్య సందును కాల్క్‌తో (సందులు పూడ్చే పేస్టు) మూసేశారు. మూడు, మేకులు కొన్ని బోర్డులోకి గుంటపడేలా దిగాయి. ఫోర్‌మన్‌ని అడిగితే "ముప్పై ఏళ్లుగా ఇలాగే చేస్తున్నాం" అన్నాడు. నేను కంప్యూటర్ పని చేసుకునేవాణ్ని, ఆయనతో ఏమని వాదించను?

మేస్త్రి_మనవడు
మూడూ తప్పులే. వాదించక్కర్లేదు, ఆ ప్రింటు తీసి చూపించండి. కప్పుకీ బోర్డుకీ మధ్య అంగుళం నుంచి రెండంగుళాలు ఖాళీ ఉండాలి, లేకపోతే కప్పు మీది తడిని బోర్డు అంచు పీల్చుకుంటుంది, రెండు మూడేళ్లలో రంగు ఊడుతుంది. నేల నుంచి ఆరంగుళాలు, మెట్లు, డ్రైవ్‌వే నుంచి రెండంగుళాలు. అది కూడా టేపు పట్టి కొలవండి. కిటికీ పైన పావు అంగుళం సందు తెరిచే ఉండాలి, అది నీళ్లు బయటికొచ్చే దారి. దాన్ని కాల్క్‌తో మూస్తే మీ గ్యారేజ్ మూల కథ కిటికీ దగ్గర మళ్లీ మొదలవుతుంది.

పక్కన ట్రిమ్‌కి ఆనేచోట మాత్రం ఎనిమిదో వంతు అంగుళం సందు వదిలి కాల్క్ వేస్తారు, అది సరైనదే. ఫ్యాక్టరీ రంగు బోర్డుల మధ్య అతుకుల్లో కాల్క్ వద్దు. వెనక ఫ్లాషింగ్ ముక్క ఉందేమో చూడండి.

బోస్టన్_బుజ్జి
మేకుల సంగతి నేను చెబుతాను, మాకు ఇదే జరిగింది. మేకు తల బోర్డు మీద సరిగ్గా ఆనాలి, లోపలికి దిగితే అక్కడ సిమెంటు చిట్లి పట్టు పోతుంది. నెయిల్ గన్ గాలి ఒత్తిడి ఎక్కువ పెట్టి టకటకా కొట్టేస్తారు. మా ఇంట్లో మొదటి నార్‌ఈస్టర్ తుఫాను గాలికి పై అంతస్తులో రెండు బోర్డులు తపతపా కొట్టుకున్నాయి. అలా దిగినచోట్ల పక్కనే ఇంకో మేకు స్టడ్‌లోకి కొట్టాలి. మేకు పై అంచుకి సుమారు అంగుళం కిందన పడాలి, పై బోర్డు ఒకటింపావు అంగుళం కప్పుతుంది కాబట్టి అది కనపడదు.

కంది_పచ్చడి
డబ్బు ఎంత ఇచ్చారు ఇప్పటికి? చివరి వాయిదా చేతిలో ఉంటే మాట వింటారు.

గోదారి_గట్టు
మూడో వంతు ఇచ్చాను.

ప్లేనో_పద్దు
మరీ గొడవ పెట్టుకోకండి. నాకు తెలిసినవాళ్లు అరిస్తే పనివాళ్లు సగంలో వెళ్లిపోయారు, వానాకాలం అంతా ఇల్లు టార్పాలిన్ కట్టుకుని ఉంది.

మేస్త్రి_మనవడు
పద్దు గారి మాట కూడా వినదగ్గదే. ఫోర్‌మన్‌తో కాదు, సంతకం పెట్టిన కాంట్రాక్టర్‌తో మాట్లాడండి. పొద్దున్నే పని మొదలవకముందు, కాఫీ ఇచ్చి, కాగితం చేతిలో పెట్టి. పనివాళ్ల ముందు ఫోర్‌మన్ పరువు తీయొద్దు.

గోదారి_గట్టు
అలాగే చేశాను. మా ఆవిడ ఫిల్టర్ కాఫీ, ఉప్మా పెట్టింది. కాంట్రాక్టర్ వచ్చి, టేపు పట్టి చూసి, నాతో వాదించలేదు. పోర్చ్ దగ్గర కింది రెండు వరసలు తీయించి మళ్లీ కోయించాడు. కిటికీల పైన కాల్క్ అంతా బ్లేడుతో గీయించాడు. మేకులు దిగిన చోట్ల కొత్తవి కొట్టించాడు. నెయిల్ గన్ ఒత్తిడి తగ్గించమని తనే ఫోర్‌మన్‌కి చెప్పాడు. ఒక రోజు ఆలస్యం, అంతే. చిన్నోడు గారూ, గ్రైండర్ వాడటం లేదు, షియర్స్ వాడుతున్నారు. ఇద్దరు కుర్రాళ్లకి మాస్కులు లేకపోతే నేను కొనిచ్చాను.

చీమకుర్తి_చిన్నోడు
చాలా సంతోషం అన్నా. మా బాబాయి ఉంటే ఆయనకు చెప్పేవాణ్ని.

మియాపూర్_మిత్ర
బోర్డులు మీరే మోశారా, వాళ్లే మోశారా? మాకు అడ్డంగా మోసుకుని మేడెక్కిస్తుంటే మధ్యకి ఫట్‌మని విరిగాయి.

మేస్త్రి_మనవడు
12 అడుగుల పలకను అంచు మీద నిలబెట్టి ఇద్దరు మోయాలి, పడుకోబెట్టి మోస్తే వంగి విరుగుతుంది. చదరపు అడుగు 2.3 పౌండ్లు లెక్కేస్తే గోదారి గారి ఇంటికి పడేది దాదాపు మూడు టన్నులు. ఇంకోటి, వానలో తడిసిన బోర్డు అలాగే బిగిస్తే ఆరాక కుదించుకుని అతుకులు తెరుచుకుంటాయి. బోర్డుల కట్ట మీద ఎప్పుడూ పట్టా కప్పి ఉంచాలి.

గోదారి_గట్టు
ఆఖరి కబురు. శుక్రవారం పూర్తయింది. కోసిన అంచులన్నిటికీ టచప్ వేశారు. మిగిలిన ఎనిమిది బోర్డులు గ్యారేజ్‌లో పలక మీద పడుకోబెట్టి ఉంచుకున్నాం. నిన్న రాత్రి గట్టి వాన పడింది. గొడుగు, టార్చ్ తీసుకుని ఒంటిగంటకి బయటికెళ్లి ఆ మూల దగ్గర నిలబడ్డాను. కప్పు అంచు వెంట వచ్చిన నీళ్లు ఆ చిన్న రేకుకి తగిలి, మలుపు తిరిగి, గట్టర్‌లో పడుతున్నాయి. గోడ పొడిగా ఉంది. పావుగంట అలాగే చూస్తూ ఉండిపోయాను. పాప రేపు తన గదిలోకి వెళ్తుంది.

తెనాలి72
కళ్లలో నీళ్లు తిరిగాయి బాబూ.

నాన్నగారేమన్నారు?

గోదారి_గట్టు
వీడియో కాల్‌లో గోడంతా చూపించమన్నారు. "ఆస్‌బెస్టాస్ లేదన్నారుగా, మరి దీనికి రంగు ఏమేశారు?" అని అడిగారు. లేత బూడిద రంగు. ఆయనకు నచ్చింది.

శార్లెట్_శాంతి
ఇప్పుడే మొత్తం చదివాను. మాది 1996 ఇల్లు, ఇదే హార్డ్‌బోర్డ్, ఇదే గ్యారేజ్ మూల. సోమవారం మా కాంట్రాక్టర్ వస్తున్నాడు. ఆ కిక్‌అవుట్ ఫోటో దగ్గరగా తీసి ఇంకోటి పెడతారా? గట్టర్ చివర, రేకు ఎంత బయటికి వచ్చిందో కనపడేలా.

గోదారి_గట్టు
ఇప్పుడు చీకటిగా ఉందండి. తెల్లారగానే నిచ్చెన వేసి తీసి పెడతాను. కొలత కూడా రాస్తాను.